చూస్తూ ఊరుకునే యంత్రం

సోల్విక్ దీవి మేయరు గారు మిరపకాయ తొడిమ తుంచి, కాయను కాయగానే నోట్లో వేసుకున్నారు.

ఆయనకు కుడి పక్కన ఒకాయన పాల గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఎడమ పక్కన ఒకావిడ మంచుగడ్డల గిన్నెతో సిద్ధంగా ఉంది. గాజుతోట గుమ్మం దగ్గర అంబులెన్సు ఇంజను ఆపకుండా ఉంచారు. ఈ ఏర్పాట్లన్నీ చేయించింది డాక్టర్ నాంచారమ్మే. విత్తనం చూస్తే పల్నాడుది, నాలుక చూస్తే ఉత్తర ధ్రువం పక్కది. జరగరానిది జరిగితే రెండు దేశాల మధ్య మాట వస్తుంది.

మేయరు గారు నమిలారు. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన ఇంకాస్త నమిలి, మింగి, మూతి తుడుచుకున్నారు.

"బాగుంది. కీరదోసకాయలా చల్లగా ఉంది. ఇంకొకటి ఇస్తారా?"

పాల గ్లాసు పట్టుకున్నాయన కాసేపు చూసి పాలు తనే తాగేశాడు.

పల్నాడులోని చింతలగుంటపాలెంలో ఒకరి చేలో మిరపకాయను కీరదోసకాయతో పోల్చడం కన్నా పెద్ద తిట్టు లేదు. అంతకన్నా చిన్న మాటకే ఆ ఊళ్ళో రెండు కుటుంబాలు మూడు తరాలుగా మాట్లాడుకోవడం లేదు. ఆ ఊరి ఆడపడుచు నాంచారమ్మ, చెవిలోని అనువాద యంత్రం ఆ మాటను శుభ్రమైన తెలుగులో వినిపించగానే, తల వంచుకుని నేలకేసి చూసింది. నేల కూడా చాలా శుభ్రంగా ఉంది.

ఆ రోజుల్లో ప్రపంచం తలకిందులైంది. దక్షిణాన ఎండలు ముదిరి మిరప పూత నిలవడం మానేసింది. ఉత్తరాన మాత్రం, అగ్నిపర్వతం వేడిని గొట్టాల్లో పట్టి, దాని మీద గాజు కప్పు వేసి, మంచు మధ్యలో తోటలు పెంచుతున్నారు. సోల్విక్ అలాంటి దీవి. అక్కడ టమాటాలు బంతుల్లా కాసేవి. రుచి కూడా బంతుల్లాగే ఉండేది. ప్రపంచమంతా కారానికి మొహం వాచి ఉందని గమనించి, మిరప తెలిసిన శాస్త్రవేత్త కావాలని ఆ దీవివాళ్ళు ప్రకటన వేశారు.

నాంచారమ్మకు అప్పటికి నలభై ఆరేళ్ళు. ఊరి పక్కనే ఉన్న చింతలగుంట ఉద్యాన పరిశోధన కేంద్రంలో సీనియర్ సైంటిస్టు. ఆ ఉద్యోగం ఎలాంటిదంటే, అందులో చేరినవాళ్ళను కదిలించాలంటే యముడే రావాలి. ఆయన కూడా ప్రాపర్ ఛానెల్‌లో రావాలి. ఆవిడ తయారుచేసిన మిరప రకం ఏళ్ళ తరబడి డైరెక్టర్ పరాంకుశం గారి బల్ల మీద అనుమతి కోసం ఎదురుచూస్తోంది. ఎప్పుడు అడిగినా ఆయనది ఒకటే మాట. "తొందరేముందమ్మా? వచ్చే సీజన్ చూద్దాం."

ఒక సీజన్లో ఆవిడే వెళ్ళి ఆయన్ని చూసింది. రాజీనామా ఇచ్చింది.

ఊళ్ళో మొదట మొగుడితో పడటం లేదన్నారు. మొగుడు కూడా వెంట వెళుతున్నాడని తెలిశాక, ఇద్దరికీ కలిసి ఇంకెవరితోనో పడటం లేదన్నారు. పరాంకుశం గారు రిలీవింగ్ ఆర్డరు కోసం ఆవిడను తన గది బయట చెక్కబల్ల మీద వారాల తరబడి కూర్చోబెట్టారు. చివరికి సంతకం పెడుతూ, "వెళ్ళు. ఏడాదిలో తిరిగొస్తావు. వచ్చాక మాత్రం కుర్చీ అడగొద్దు," అని దీవించారు.

భర్త పున్నయ్య జిల్లా పరిషత్ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయన రాజీనామా చేయలేదు. జీతం లేని సెలవు పెట్టి వచ్చాడు. సోల్విక్‌లో దిగిన రోజు నుంచి ఆయన పెద్ద సూట్‌కేసు తాళం తీయలేదు. అడిగితే, "ఎలాగూ తిరిగి వెళ్ళేదేగా, మళ్ళీ సర్దడమెందుకు?" అనేవాడు. ఆ సూట్‌కేసు ఎత్తబోయి ఓడలో ఇద్దరు కూలీలు నడుము పట్టుకున్నారు.

ఒప్పందం ఒక్క పంటకే. మిరప విడతలుగా కోతకొస్తుంది. మొదటి కోత కీరదోసకాయ అయింది. రెండో కోతలో కూడా కారం రాకపోతే వచ్చిన ఓడలోనే వెనక్కి. కుర్చీ పోయింది, మిరప పోయింది, ఇక మిగిలేది పరాంకుశం గారి నవ్వు. నాంచారమ్మకు నిద్రలో కూడా ఆ నవ్వే కనపడేది.

ఆ సాయంత్రం అన్నభార్య అచ్చమ్మ ఫోన్ చేసింది.

"ఏమే నాంచారీ, కారం వచ్చిందా?"

"వస్తుంది వదినా."

"అంటే రాలేదన్నమాట."

"రెండో కోత ఉంది. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు."

"ఛ, నాకెందుకే? నేనెవరితో అంటాను?"

అచ్చమ్మ ఎవరితోనూ అనలేదు. పాలకేంద్రంలో నిలబడి గాలితో అంది. అక్కడున్న పదిమందీ గాలి పీల్చుకున్నారు.

కారం ఎందుకు రాలేదో నాంచారమ్మకు తెలియక కాదు. మిరపకు కారం సుఖంలో రాదు. పూత నిలిచి కాయ కట్టే రోజుల్లో నీళ్ళు ఆపి కాస్త ఎండగట్టాలి. మన రైతులు దాన్ని బెట్ట అంటారు. బెట్ట తగిలిన మొక్క బతుకు మీద భయంతో కాయలో కారం నింపుకుంటుంది. తెలిసిన సంగతే. చిక్కంతా యంత్రంతో.

ఆ యంత్రం పేరు మూర్. సోల్విక్ భాషలో అమ్మ అని అర్థం. మొక్కల్లో కూడా సన్నటి విద్యుత్తు ప్రవహిస్తుంది. వేరుకు తడి తగ్గిన క్షణంలోనే, ఆకు వాడకముందే, ఆ విద్యుత్తు తీరు మారుతుంది. మూర్ ప్రతి కాండానికీ వెంట్రుకంత తీగ చుట్టి, ఆ మార్పు కనిపెట్టి, మొక్క అడగకముందే నీళ్ళిస్తుంది. నాంచారమ్మ నీటి గొట్టం కట్టేస్తే, గాలిలో తేమ పెంచింది. తేమ ఆపితే, దీపాలు తగ్గించి మొక్కలకు దాహం వేయకుండా చేసింది. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కునేది. పేరుకు తగ్గ యంత్రమే. పస్తుండమని డాక్టరు చెప్పిన పిల్లాడికి కొంగు చాటున అన్నం పెట్టే రకం.

దీవిలో మనుషులను కూడా మూరే చూసుకునేది. ఇళ్ళలో కెమెరాతో వాళ్ళ మొహాలు చదివి, చలి వేయకముందే గది వెచ్చబరిచేది, ఆకలి వేయకముందే సూపు కాచేది. సోల్విక్‌లో ఒక్క గొడవ కూడా జరిగేది కాదు. చింతలగుంటపాలెం నుంచి వెళ్ళిన దంపతులకు అదే భయం వేసేది.

మర్నాడు నాంచారమ్మ, ఆ యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు ఆస్లాగ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకు అరవై దాటాయి. చేతులు పెద్దవి, మాటలు చిన్నవి.

"మీ యంత్రానికి బెట్ట నేర్పాలి," అంది నాంచారమ్మ.

"అంటే?"

"మొక్కకు దాహం వేసినా నీళ్ళివ్వకుండా ఉండటం."

ఆస్లాగ్ చేతిలోని స్పానర్ కింద పెట్టింది. "నా చిన్నప్పుడు ఒక చలికాలం తిండి తెచ్చే ఓడ రాలేదు. ఆ చలికాలంలో మా ఇంట్లో నలుగురు పిల్లలం పడుకున్నాం. వసంతంలో ముగ్గురం లేచాం. నేను కట్టిన కప్పు కింద ఏ ప్రాణీ లోటుతో ఉండకూడదని అప్పుడే అనుకున్నాను. మీరు కాయ కారం కోసం ఆ కప్పు తీసేయమంటున్నారు."

నాంచారమ్మ స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మా నాన్న బెట్ట పెట్టిన రోజుల్లో తెల్లారకముందే చేనికి వెళ్ళేవాడు. గట్టు మీద నిలబడి ఆకుల్ని చూసేవాడు. నీళ్ళు పెట్టకుండా తిరిగొచ్చేవాడు. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళేవాడు, సాయంత్రం వెళ్ళేవాడు. ఒకసారి అడిగాను, నీళ్ళు పెట్టనప్పుడు వెళ్ళడమెందుకు నాన్నా అని. చూడకుండా ఎండగడితే పాపం, చూస్తూ ఎండగడితే సేద్యం అన్నాడు. మధ్యాహ్నం ఆకు వాలినా సాయంత్రానికి తేరుకుంటే ఫర్వాలేదు. పొద్దున్నే వాలి కనపడిందా, ఇక ఒక్క గడియ ఆగడు, నీళ్ళు వదిలేస్తాడు."

ఆస్లాగ్ కిటికీలోంచి సముద్రంకేసి చూసింది. "ఆ చలికాలం మమ్మల్ని ఎవరూ చూడలేదు," అంది. ఇటు తిరిగి, "నా యంత్రానికి చూడటం వచ్చు. ఊరుకోవడం రాదు," అంది.

"మా ఊరివాళ్ళకూ రాదు. నేర్పుదాం."

ఆ మాటకు ఆస్లాగ్ నవ్వింది. స్పానర్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఇద్దరూ కూర్చుని నాంచారమ్మ నాన్న గట్టు మీద చేసిన పనిని ప్రోగ్రాముగా రాశారు. మధ్యాహ్నం వాడితే చూడు. సాయంత్రానికి తేరుకుంటే ఊరుకో. పొద్దున్నే వాడి ఉంటే వెంటనే నీళ్ళు పెట్టు. వినడానికి చాలా తేలిక. మూర్‌కు అదే అన్నిటికన్నా కష్టమైన పాఠం అయింది. మొదటి మధ్యాహ్నం అది అడుగుతూనే ఉంది.

"ఆకులు వాలాయి. నీళ్ళు పెట్టనా?"

"వద్దు. చూడు."

"చూశాను. పెట్టనా?"

"ఇంకా చూడు."

పున్నయ్య పక్కనుంచి అందుకున్నాడు. "ఇన్నాళ్ళూ అమ్మ. ఇవాళ్టి నుంచి అత్తగారు. పాపం, కొత్త కదా, అలవాటు పడుతుంది."

సాయంత్రానికి ఆకులు లేచాయి. మూర్ ఏమీ అనలేదు. మర్నాడు ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసి, చూడటం మొదలుపెట్టింది.

అంతా దారిలో పడిందనుకున్న వేళ, యంత్రం ఒక మాట చెప్పింది. "మూడో మడి మధ్యాహ్నం కూడా వాడటం లేదు. నీళ్ళందుతున్నాయి. నేను పెట్టలేదు."

భోజనాల వేళ అందరూ వెళ్ళాక, నాంచారమ్మ పరుగున తిరిగొచ్చి గాజు తలుపు తీసింది. మూడో మడిలో పున్నయ్య పంచె ఎగగట్టి, చెంబుతో మొక్క మొక్కకూ నీళ్ళు పోస్తున్నాడు.

"ఏమండీ!"

పున్నయ్య చెంబు వెనక్కి దాచుకున్నాడు. ఆయన శరీరానికి ఆ చెంబు దాచడం కుదిరింది గానీ, కారుతున్న నీళ్ళను దాచడం కుదరలేదు.

"మీకు ఇంటికి పోవాలనుంటే నోటితో చెప్పొచ్చుగా," అంది నాంచారమ్మ. "సెలవు అయిపోయేలోగా నా పంట పాడుచేసి నన్ను లాక్కుపోదామనుకున్నారా? పరాంకుశం గారి నవ్వు చూడాలని మీక్కూడా ఉందా?"

"పోవాలనే ఉందే. ఈ చప్పిడి సూపులు తాగి నాలుక మొద్దుబారింది. కానీ నీ పంట చెడి పోవడం నాకెందుకు?" పున్నయ్య మొక్కలకేసి చెయ్యి చూపించాడు. "తలలు వాల్చుకుని నావైపే చూస్తున్నాయి నాంచారీ. అన్నం ముద్ద దిగడం లేదు."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. కోపం ఎక్కడో జారిపోయింది.

"ముప్పై ఏళ్ళు ఆఫీసులో అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళను ఎండబెట్టారు. మిరప మొక్కల్ని చూస్తే జాలి వేసిందా?"

"వాళ్ళు తిడతారుగా. తిట్టాక లెక్క సరిపోతుంది. ఇవి నోరెత్తవు."

ఆవిడ చెంబు లాక్కుంది. మూడో మడిని అలాగే వదిలేసి, మిగిలిన మడులకు పున్నయ్యనే కాపలా పెట్టింది. రోజుకు మూడుసార్లు గట్టు మీద నిలబడి చూడాలి, ఏమీ చేయకూడదు. ఏమీ చేయకపోవడంలో ఆయనకు సర్వీసు ఉంది గానీ, చూస్తూ చేయకపోవడం కొత్త. నాలుగు రోజుల్లో బుగ్గలు జారాయి.

రెండో కోత రోజున జనం తక్కువే వచ్చారు. మొదటిసారి దండగైందని అంబులెన్సు కూడా పిలవలేదు. మేయరు గారికి నాంచారమ్మ ముందు మూడో మడి కాయ ఇచ్చింది.

"కీరదోసకాయ," అన్నారు మేయరు గారు మర్యాదగా.

తర్వాత ఒకటో మడి కాయ ఇచ్చింది.

ఆయన నమిలారు. నమలడం ఆపారు. చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ముక్కు, తర్వాత బట్టతల. ఆ తర్వాత సోల్విక్ దీవిలో ఎన్నో ఏళ్ళుగా ఎవరూ వినని ఒక శబ్దం వినిపించింది. మేయరు గారు అరిచారు. ఒడ్డున పడుకున్న సీల్ జంతువులు గబగబా నీళ్ళలోకి దూకాయి. ఆయన నేల మీద కూలబడి, ఎక్కిళ్ళు పెడుతూ, కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుస్తూ, చెయ్యి పైకెత్తి చాచారు.

"ఇంకొకటి ఇస్తారా?"

మొదటిసారి అన్న మాటే. ఈసారి మనిషి వేరు.

ఆ పూట సోల్విక్ అంతా ఏడ్చింది. పిల్లలు ఏడ్చారు, పోలీసులు ఏడ్చారు. ఏడ్చినవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. ఒకే ఒక్క మడికి చెంబుతో నీళ్ళు పోసి, బెట్ట ఉంటే ఏమవుతుందో లేకపోతే ఏమవుతుందో పక్కపక్కన రుజువు చేసిన ఘనత పున్నయ్యకే దక్కింది. అదంతా ముందే ఆలోచించి చేసిందేనని ఆయన చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆస్లాగ్ ఒక కాయ కొరికి, అందరికన్నా ఎక్కువసేపు ఏడ్చింది. "కారానికే," అంది. ఎవరూ అడగలేదు.

ఇంటికి రాగానే పున్నయ్య సూట్‌కేసు తాళం తీశాడు. లోపల బట్టలేవీ పెద్దగా లేవు. పాత పంచెల్లో చుట్టి, నల్లరాతి రోలు, పొత్రం ఉన్నాయి.

నాంచారమ్మ నోరు తెరిచి చూసింది. "ఇదా ఇన్నాళ్ళూ దాచింది? తిరిగి వెళ్ళే మనిషి రోలు మోసుకొస్తాడా?"

"ఊరికే తెచ్చాను," అన్నాడు పున్నయ్య ఆవిడకేసి చూడకుండా. "నీకు కారం రాకపోతే దీన్ని చూసి నువ్వు ఇంకా ఏడుస్తావని తీయలేదు. ఉప్పెక్కడుంది?"

ఆ రాత్రి నూరిన పచ్చిమిరప పచ్చడి మేయరు గారి ఇంటిదాకా వెళ్ళింది. జిల్లా పరిషత్‌కు పున్నయ్య రాజీనామా కూడా ఆ రోటి దగ్గరే తయారైంది.

మరుసటి ఏడాదికి సోల్విక్ మిరప ప్రపంచమంతా పాకింది. దీవివాళ్ళు తమ ఇళ్ళలోని మూర్‌కు కూడా బెట్ట నేర్పమని ఆస్లాగ్ వెంట పడ్డారు. వారానికో పూట ఇల్లు చల్లబడుతోంది, సూపు ఆలస్యమవుతోంది. ఇరుగుపొరుగులు గోడ దగ్గర నిలబడి పోట్లాడుకుంటున్నారు. సాయంత్రానికి తేరుకుంటున్నారు. నాంచారమ్మకు మొదటిసారి ఆ దీవి సొంత ఊరిలా అనిపించింది.

అప్పుడే చింతలగుంట పరిశోధన కేంద్రం కూడా ఒక మూర్‌ను తెప్పించుకుంది. అచ్చమ్మ ఫోన్ చేసింది.

"నాంచారీ, మీ యంత్రం మా కేంద్రాన్ని ముంచిందే!"

"ఏమైంది వదినా?"

"నాకేం తెలుసే? నేను చూశానా?" అని అచ్చమ్మ మొత్తం చెప్పింది.

బిగించిన రోజున యంత్రం ఒక ప్రశ్న అడిగిందట. ఈ కప్పు కింద ఏయే ప్రాణుల్ని చూసుకోవాలి? దానికి జవాబు చెప్పే అధికారం ఎవరిదో తేలలేదు. ఫైలు పెట్టారు. ఫైలు వచ్చేదాకా యంత్రం ఆగలేదు. ఆ కేంద్రంలో గాజుతోట, ఆఫీసు ఒకే కప్పు కింద ఉంటాయి. అందర్నీ చూసుకోవడం మొదలుపెట్టింది.

ఆఫీసులో మనుషులు మధ్యాహ్నం వాలిపోయి ఉన్నారు. అయిదు కొట్టేసరికి తేరుకుని చకచకా లేచి వెళుతున్నారు. మూర్ నేర్చుకున్న పాఠం ప్రకారం ఇంతకన్నా చక్కగా బెట్ట తట్టుకునే పంట లేదు. ఏసీలు ఆపింది. టీ కెటిల్‌కు కరెంటు ఇవ్వడం మానేసింది. డైరెక్టర్ గారి కాలింగ్ బెల్ మోగడం మానేసింది.

"ఇంకేముంది? కారం పుట్టింది," అంది అచ్చమ్మ. "ఒకడు రాజీనామా చేసి నర్సరీ పెట్టాడు. అక్కడ లెక్కలు రాసే అమ్మాయి కెన్యా వెళ్ళి పూలతోట పెడుతుందట. బెల్లు మోగక పరాంకుశం గారు తనే లేచి బయటికొచ్చి, పొలం చూశారట. ఎన్నేళ్ళయిందో ఏమో, దారి తప్పారని కూడా అంటున్నారు. నేనైతే నమ్మను. మొన్న ఆయనా రాజీనామా ఇచ్చేశాడే!"

నాంచారమ్మ ఆ వార్త విని నవ్వాలనుకుంది. నవ్వు రాలేదు. ఆ నెలలోనే దీవికి వంగ శాస్త్రవేత్త కావాలన్న ప్రకటనకు ఒక దరఖాస్తు వచ్చింది. పేరు చూసి ఆవిడ దరఖాస్తును మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత, రమ్మని రాసింది.

పరాంకుశం గారు ఒక మధ్యాహ్నం ఓడ దిగారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చలికి మఫ్లర్ రెండు చుట్లు చుట్టుకుని, సముద్రం కుదుపుకు మొహం పాలిపోయి, గాజుతోట గుమ్మంలోకి వచ్చారు.

"నాంచారమ్మ గారూ," అన్నారు. గారు అనడం అదే మొదలు. "కొత్తలో ఒక వంగ రకం తయారుచేయాలనుకునేవాణ్ణమ్మా. ముళ్ళు లేని వంగ. కుర్చీలో కూర్చుని మర్చిపోయాను. మీ యంత్రం గుర్తుచేసింది. ఏడాది గడువిస్తే..."

"కూర్చోండి సార్," అంది ఆవిడ. గుమ్మం పక్కన ఒక చెక్కబల్ల ఉంది.

ఆయన ఆ బల్లను గుర్తుపట్టినట్టు ఒక్క క్షణం ఆగి కూర్చున్నారు. తల వాలిపోయింది.

పైనుంచి మూర్ గొంతు వినిపించింది. "కప్పు కిందికి కొత్త ప్రాణి వచ్చింది. వాడిపోయి ఉంది. నీళ్ళు పెట్టనా?"

పున్నయ్య అప్పటికే చెంబు అందుకున్నాడు.

నాంచారమ్మ బయట ఎండను చూసింది, బల్ల మీది మనిషిని చూసింది, చెంబును చూసింది. తర్వాత యంత్రానికీ మొగుడికీ కలిపి ఒకటే మాట చెప్పింది.

"ఇంకా మధ్యాహ్నమేగా. చూస్తూ ఊరుకోండి."